వడకట్టిన సున్నం

"నేను కట్టేశాను. రాత్రి లైటు ఆరిపోగానే గ్యాసు మర కట్టేశాను. దుర్గ ఎలా చెప్పిందో అలాగే చేశాను," అన్నాడు ఫణికిరణ్. అప్పటికది మూడోసారి అనడం.

అతన్నెవరూ అడగలేదు.

శ్రీదుర్గ ఇంకా చెప్పులు విప్పలేదు. తాడేపల్లిగూడెం నుంచి తెచ్చిన సంచి భుజానే ఉంది. ఏలూరులో ఆ ఇంటి హాల్లో, గోడ పొడవునా ఉన్న ఆరడుగుల అద్దాల తొట్టి ముందు నిలబడిపోయింది. ఆమె పుట్టింటికి వెళ్ళేనాటికి అందులో చిన్న అడవి ఉంది. ఇప్పుడు పల్చటి మజ్జిగ ఉంది.

కింద ప్లాస్టిక్ బకెట్లో చచ్చిన చేపలు.

"ఎవరు పోశారు?" అంది.

"నేనే పోశాను," అన్నాడు బంగార్రాజు, పడక కుర్చీలోంచి కదలకుండానే.

"ఏం పోశారు మామయ్యగారూ?"

"సున్నం."

"ఎందుకు?"

కోడలు అడిగితే చెప్పే అలవాటు బంగార్రాజుకి లేదు. పెళ్ళాం అడిగితేనే చెప్పేవాడు కాదు. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

వంటింటి గుమ్మంలోంచి ఆయన అక్క సుబ్బలక్ష్మి తొంగి చూసింది. సుగుణ సంవత్సరీకం పనులు చూడడానికి ముదినేపల్లి నుంచి ముందుగానే దిగింది. చేతిలో చాట, చాటలో మినపప్పు.

"పోస్తే పోశాడులే. మనుషులు పోయిన ఇంట్లో చేపల కోసం పంచాయితీ ఏంటి? అసలు ఆ గోడ మీద ఉండాల్సింది ఏంటి, ఉన్నది ఏంటి?"

ఆ మాటతో ఫణికిరణ్‌కి దారి దొరికింది. గోడకి తొట్టి అడ్డంగా ఉందని వాళ్ళ అమ్మ ఫొటోని వసారాలో, ఫ్రిజ్ పక్కన తగిలించింది అతనే. పెద్దకర్మ రోజున తండ్రి ఒక్కసారి "హాల్లో పెట్టరా" అన్నాడు. "తొట్టి ఉంది కదా నాన్నా" అన్నాడు ఇతను. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

"అమ్మ ఫొటో కోసమేనా నాన్నా ఇదంతా? ఇంకోసారి అడిగితే తీసేసేవాణ్ణి కదా."

"ఒకసారి అడిగాను."

"అంటే కావాలనే చేశారా? తెలియక చేశారా? అది చెప్పండి చాలు."

బంగార్రాజు కళ్ళు మూసుకున్నాడు. ఎలా అనుకుంటే అలా అనుకోండి అన్నట్టుంది ఆ ముఖం.

నిజం వేరు.

ఆ రోజు తెల్లవారుజామున ఆయన లేచి హాల్లోకి వచ్చేసరికి చేపలన్నీ నీటి పైకి వచ్చి, మూతులు బయటపెట్టి గుటకలు వేస్తున్నాయి. కలిదిండి చెరువు గట్ల మీద నలభై ఏళ్ళు అదే దృశ్యం చూసిన కళ్ళు అవి. చేప పైకి తేలిందంటే నీళ్ళలో గాలి చాలడం లేదు. ఏరేటర్లు తిప్పాలి. తొట్టి మూలన సన్నటి గొట్టంలోంచి బుడగలు వస్తున్నాయి. గొట్టం వెంట చూపు దించితే కింద సిలిండరు, దానికో మర. మర తెరిచే ఉంది. గాలి వస్తోంది గానీ సరిపోవడం లేదనుకున్నాడు. మరని చివరికంటా తిప్పేశాడు.

బుడగలు జలజలా వచ్చాయి. చేపలు కిందికి దిగలేదు. పక్కకి ఒరిగాయి.

అప్పుడు చెరువు మనిషి తర్వాత ఏం చేస్తాడో అదీ చేశాడు. వెనక గదిలో తన సామాన్లోంచి ఆక్సిజన్ బిళ్ళలు తెచ్చి వేశాడు. నీళ్ళు బాగుపడతాయని సున్నం నానబెట్టి, కండువాలో వడకట్టి, అంచుల వెంట పోశాడు. పొద్దెక్కేసరికి సగం చేపలు పోయాయి.

ఆ గొట్టంలో వచ్చేది గాలి కాదని, మొక్కల కోసం పెట్టిన బొగ్గుపులుసు వాయువని, లైటు ఆరాక మొక్కలు దాన్ని పీల్చుకోవని, అది ఎక్కువైతే చేపకి ఊపిరాడదని, కొడుకు ఫోన్లో ఎవరితోనో అంటుంటే ఆయన చెవిన పడింది. ఐదో తరగతిలో మాస్టారు చెప్పిన బొగ్గుపులుసు వాయువు. ఇన్నేళ్ళకి ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

కలిదిండి చుట్టుపక్కల బంగార్రాజు అంటే నీళ్ళు తెలిసిన మనిషి. దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసి, చెరువు ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేవాడు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళూ, ఏ చదువూ లేనివాళ్ళూ మోటారు సైకిళ్ళ మీద వచ్చి అడిగి వెళ్ళేవారు. ఆ పేరొక్కటే ఆయన సంపాదించింది. కక్షతో చేశాడంటే ఊరు నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటుంది. తెలియక చేశాడంటే నవ్వుతుంది. చచ్చేదాకా నవ్వుతుంది.

అందుకని నోరు విప్పలేదు.

"సరే," అన్నాడు ఫణికిరణ్. "ఫయాజ్‌కి ఫోన్ చేస్తాను. తొట్టి పట్టుకెళ్ళిపోతాడు. గోడకి అమ్మ ఫొటో పెడదాం. ఇంట్లో గొడవ వదిలిపోతుంది."

శ్రీదుర్గ అప్పుడు చెప్పులు విప్పింది.

* * *

అక్వేరియం షాపు ఫయాజ్ వచ్చి, తొట్టిలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకోబోయి మానేశాడు.

"సున్నమేనండి. మొక్కలన్నీ మాడిపోయాయి. బతికున్న ఏంజెల్ చేపల్ని నేను తీసుకెళ్ళి మా షాపులో ఉంచుతానండి. మిగతాది ఇక మీ ఇష్టం."

"మొత్తం తీసుకుపో," అంది సుబ్బలక్ష్మి. "సంవత్సరీకానికి నలుగురూ వస్తారు. ఈ మురుక్కుండ ముందు కూర్చుని భోంచేస్తారా?"

"ఆ రోజు దాకా ఆగండి పెద్దత్తయ్యగారూ," అంది శ్రీదుర్గ. "ఆ రోజుకి నీళ్ళు తేటగా లేకపోతే నేనే ఫయాజ్ గారికి ఫోన్ చేస్తాను. అత్తయ్యగారి ఫొటో కూడా ఆ గోడకే ఉంటుంది."

"రెండూ ఎలా పడతాయి?"

"నేను పట్టిస్తాను."

ఫణికిరణ్ పెళ్ళాం వంక చూశాడు, తండ్రి వంక చూశాడు. ఇద్దరిలో ఎవరికి అడ్డం పడితే నష్టం తక్కువో లెక్కేసుకున్నాడు. ఆ అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది.

"ఆ రోజు దాకానే. తర్వాత నన్నేం అనకూడదు."

"అననండి."

బంగార్రాజు మాత్రం తొట్టి పోవాలనే కోరుకున్నాడు. తొట్టి పోతే దానితోపాటు మాటా పోతుంది. తొట్టి ఉంటే, ఇంటికొచ్చిన ప్రతివాడూ చేపలెలా చచ్చాయని అడుగుతాడు. ఏదో ఒకనాడు ఎవడో ఒకడు మర సంగతి ఊహిస్తాడు.

"మళ్ళీ కట్టడం నీవల్ల కాదు," అన్నాడు కోడలితో. ఆమె అడగకుండా ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అది.

"మీరు చూస్తుండండి," అంది.

* * *

మర్నాడు తొట్టి తోడడం మొదలైంది. ట్యూబు ఒక కొస నీళ్ళలో, రెండో కొస పెరట్లో కరివేపాకు మొదట్లో. నీళ్ళు తగ్గే కొద్దీ నల్లమన్ను, దానిమీద కుళ్ళిన ఆకులు, మధ్యలో గుట్టలా పేర్చిన రాళ్ళు బయటపడ్డాయి. శ్రీదుర్గ చీర కుచ్చెళ్ళు దోపి, స్టూలెక్కి, భుజాల దాకా చేతులు ముంచి ఒక్కొక్క రాయీ తీస్తోంది.

"కలిదిండిలో చెరువు ఎండగట్టినప్పుడు కూడా ఇంత ఆర్భాటం చెయ్యలేదు," అన్నాడు బంగార్రాజు.

"ఆ చెరువులో చేపల్ని మీరు అమ్ముకునేవారు మామయ్యగారూ. వీటితో నేను కాపరం చేస్తున్నాను."

సుబ్బలక్ష్మి వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది. బంగార్రాజు కుర్చీ ఎదురు గోడవైపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం రాళ్ళు కడగడానికి పెరట్లోకి వెళ్ళిన శ్రీదుర్గ ఎంతకీ రాలేదు. ఆయనే లేచి వెళ్ళాడు. ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆయన కండువా. సున్నం పట్టి అట్టలా బిగుసుకుపోయి ఉంది.

"ఇది తీగ మీద వేలాడుతుంటే తీశానండి."

"ఉతకడానికి వేశాను."

"సున్నం వడకట్టి పోశారా?"

"అయితే?"

"చంపుదామనుకున్నవాళ్ళు వడకడతారా మామయ్యగారూ? గడ్డలు గడ్డలుగానే పోసేస్తారు."

బంగార్రాజు కరివేపాకు చెట్టు వంక చూశాడు. దాని మొదట్లో తెల్లటి నీళ్ళు ఇంకుతున్నాయి.

"చెత్తబుట్టలో ఆక్సిజన్ బిళ్ళల కాగితాలు కూడా ఉన్నాయి. మర చివరికంటా తిప్పి ఉంది. నేను సెకనుకి రెండు బుడగలు వచ్చేలా పెట్టి వెళ్ళాను."

"నోరు మూసుకుని రాళ్ళు కడుక్కో."

"పొద్దున్నే చేపలు పైకొచ్చాయంటే రాత్రంతా గ్యాసు తెరిచే ఉందన్నమాట. మీరు ముట్టుకోకముందే. ఆయన కట్టలేదు."

"ఆ సంగతి నాకు తెలీదు."

"తెలుసు. మీరు తిప్పేటప్పటికే మర తెరిచి ఉందా లేదా?"

కొడుకు తప్పు బయటపెట్టాలంటే తాను మర ఎందుకు తిప్పాడో చెప్పాలి. అది చెప్పడం కంటే ఆ సున్నం తాను తాగడం తేలిక.

శ్రీదుర్గ ఆయన ముఖం కేసి చాలాసేపు చూసింది. అందరూ తిడుతుంటే పడి ఉన్న మనిషి. తిట్టు మీద మనసుపడ్డవాడిలా పడి ఉన్న మనిషి. ఆమెకి అర్థమైంది.

"చెప్పనులెండి," అంది. కండువా నీళ్ళ తొట్టెలో ముంచి, రాయి మీద వేసి ఉతకడం మొదలుపెట్టింది.

బంగార్రాజు లోపలికి వచ్చేశాడు. ఆడది తన గుట్టు దాచిపెడతానంటే ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపం సాయంత్రానికల్లా ఎక్కడికి పోయిందో తెలియలేదు. రాత్రి భోజనం దగ్గర, "ఆ గుట్ట మళ్ళీ మధ్యలో పెట్టకు. చేపకి మళ్ళడానికి జాగా ఉండాలి," అన్నాడు.

"పెట్టనండి," అంది.

ఫణికిరణ్ ముద్ద మింగడం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

* * *

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బంగార్రాజు కలిదిండి బస్సెక్కాడు.

ఆయన పాత చెరువు గట్టున ఒక తుమ్మ మోడు ఉంది. ఏ వరదకో కూలి, ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని, బెరడంతా ఊడి, ఇనుములా నల్లబడిన మోడు. వేళ్ళు చేతివేళ్ళలా చాపుకుని ఉంటుంది. కౌలుదారుకి చెప్పి పైకి లాగించి, రంపంతో కోయించి, గోనెలో కట్టించాడు.

టీ కొట్టు దగ్గర సూర్యనారాయణ ఎదురయ్యాడు. వరసకి సుగుణకి అన్న. చెరువుల్లో బంగార్రాజుకి నలభై ఏళ్ళ పోటీ. బంగార్రాజు చెరువులో చేప ఎదిగితే ఇతనికి నిద్రపట్టేది కాదు. ఇతని చెరువులో తెగులొస్తే బంగార్రాజు పాయసం వండించేవాడని ఊళ్ళో అనేవాళ్ళు.

"ఏం బావా, మీ ఇంట్లో అద్దాల చెరువు పోయిందంటగా? నీళ్ళు తెలిసినోడివి, పక్కనే ఉండి ఎలా పోనిచ్చావు?"

"సంవత్సరీకానికి వస్తావుగా. అప్పుడు చూద్దువుగాని."

"వస్తాలే. పోయిన చెరువు చూడ్డమంటే నాకు సరదా."

బస్సులో కండక్టరు గోనె వంక అనుమానంగా చూశాడు. "ఏంటండీ అది, శవమా?"

"మోడు. దానికీ టికెట్టు కొట్టు."

ఇంట్లో గోనె విప్పగానే శ్రీదుర్గ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. వేళ్ళతో మోడుని తడిమింది. "ఎక్కడిదండీ ఇది," అంది, గొంతు తగ్గించి, నిద్రపోతున్న పిల్ల దగ్గర మాట్లాడినట్టు.

"గట్టుది. నిలబెట్టు. చెట్టులా ఉంటుంది."

"పడుకోబెడతాను మామయ్యగారూ."

"మోడుని ఎవరైనా పడుకోబెడతారా?"

"నిలబెడితే కాటికాపరిలా ఉంటుందండి."

ఆయన మళ్ళీ కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె కాగే నీళ్ళు పోసి మోడుని బ్రష్షుతో తోమింది. తొట్టిలో ఎడమ చివర కొత్త నల్లమన్ను ఎత్తుగా పోసి, కుడివైపుకి వాలుగా దించింది. కుడి చివర సన్నటి ఇసుక, నాలుగు రాళ్ళు. మోడుని ఎడమ గట్టు మీద పడుకోబెట్టి, వేళ్ళు ఇసుక వైపు చాపి ఉండేలా సర్దింది. వేళ్ళ సందుల్లో చిన్న ఆకుల మొక్కలు దారంతో కట్టింది. వెనక గోడ పొడవునా రిబ్బన్లలా పెరిగే పచ్చటి నాచు నాటింది.

బంగార్రాజు కుర్చీ గోడవైపు నుంచి ఎప్పుడు తిప్పుకున్నాడో ఎవరూ చూడలేదు. వరద తీసిన తర్వాత కొల్లేటి గట్టు ఎలా ఉంటుందో తొట్టి అలా ఉంది. ఆ మోడు పడుకుని ఉండడమే సరి. ఆ మాట ఆయన అనలేదు.

"కుడివైపు ఖాళీ వదులు," అన్నాడు.

"వదిలానండి."

"ఇంకా వదులు."

ఆమె ఒక రాయి తీసేసింది. వెనక్కి వచ్చి చూసింది. మరోటి తీసేసింది.

ఫయాజ్ తన షాపులో పాత తొట్టి ఫిల్టరు నుంచి నల్లగా కారుతున్న స్పాంజీలు తెచ్చి ఇందులో బిగించాడు. "ఈ మురికే దీనికి ప్రాణమండి. కడిగారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఆయ్, బాబాయిగారూ, మీరు కూడా కడక్కండి." అని బంగార్రాజుకి ప్రత్యేకంగా చెప్పి మరీ వెళ్ళాడు.

తొట్టి నిండింది. రెండో రోజు నీళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి.

"చెప్పానా," అంది సుబ్బలక్ష్మి.

నాలుగో రోజుకి తెలుపు పోయి లేత పచ్చ తిరిగింది. పచ్చనీళ్ళు చెరువులో భాగ్యం. చేప బలుస్తుంది. అద్దాల తొట్టిలో అది దరిద్రం. బంగార్రాజుకి ఈ రెండో ముక్క కొత్త. ఈసారి మాత్రం చెయ్యి పెట్టే ముందు అడిగాడు.

"దీనికేం చేస్తావు?"

"లైటు తగ్గిస్తాను. రోజూ సగం నీళ్ళు మారుస్తాను."

"బకెట్లు ఎవరు మోస్తారు?"

"నేనే."

పొద్దున్నే ఆమె లేచేసరికి బకెట్లు వరసగా నింపి ఉన్నాయి. కుళాయి నీళ్ళ మందు వాసన పోవాలని రాత్రే పట్టి ఉంచాడు. ఆమె ట్యూబు పట్టుకుంది, ఆయన బకెట్లు మోశాడు.

"నాన్నా, ఈ వయసులో మీకెందుకు?" అన్నాడు ఫణికిరణ్ పళ్ళు తోముకుంటూ.

"నడుం పట్టేసింది. కదలాలి."

* * *

సంవత్సరీకం నాడు హాలు నిండా చుట్టాలు. పురోహితుడు వెళ్ళిపోయాడు. విస్తళ్ళు ఇంకా వెయ్యలేదు. తొట్టికి ముందు ఒక దుప్పటి కప్పి ఉంది.

"తియ్యి మరి," అంది సుబ్బలక్ష్మి. ముదినేపల్లి నుంచి ఆమె వచ్చిందే ఈ ముక్క అనడానికి అన్నట్టుంది.

శ్రీదుర్గ దుప్పటి లాగి లైటు వేసింది.

నీళ్ళున్నాయో లేవో తెలియడం లేదు. నల్లటి మోడు నీడలో, ఆకుల సందుల్లోంచి, ఫయాజ్ షాపు నుంచి తిరిగొచ్చిన ఏంజెల్ జంట మెల్లగా బయటికి వచ్చి, ఖాళీ వదిలిన కుడివైపు ఇసుక మీద తిరిగి మళ్ళింది. వెనక నాచు పైరులా ఒకే వైపు ఊగుతోంది.

తొట్టి మీద ఇదివరకు ఉన్న ఎత్తయిన చెక్క మూత లేదు. శ్రీదుర్గ దాన్ని తీసేసి పల్చటి లైటు ఒకటి వేలాడదీసింది. మూత ఉన్నచోట, తొట్టికి కాస్త పైన, సుగుణ ఫొటో. దండ వేసి ఉంది. కింది నీటి వెలుగు ఫొటో అద్దం మీద అలలు అలలుగా కదులుతోంది.

సుబ్బలక్ష్మి దగ్గరికి వెళ్ళి చూసింది. ఏదో అనడానికి నోరు తెరిచింది. తప్పు దొరకలేదు.

"సుగుణ వాళ్ళ లంకలో రేవు ఇలాగే ఉండేదిరా తమ్ముడూ," అంది చివరికి, అప్పు తీర్చినట్టు.

ఒక ముసలాయన చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆడవాళ్ళు వంటిల్లు వదిలి వచ్చి నిలబడ్డారు. ఫణికిరణ్ అందరికీ తానే కట్టించినట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

సూర్యనారాయణ మాత్రం వంగి, అద్దానికి ముక్కు ఆనించి, నీళ్ళని పరీక్షించాడు. పక్కకి వెళ్ళి చూశాడు. పైనుంచి చూశాడు. వంక పెట్టడానికేమీ లేక ముఖం చిన్నబోయింది. అంతలో మూలన బుడగలు కనిపించాయి.

"ఆ బుడగలేంటమ్మా? గాలేనా?"

"కాదండీ. మొక్కలకి పెట్టే గ్యాసు. ఎక్కువైతే చేపలకి ఊపిరాడదు."

సూర్యనారాయణ నిటారుగా లేచాడు. కళ్ళు మెరిశాయి. చెరువుల మనిషి. చుక్కకీ చుక్కకీ గీత కలపడం అతనికెవరూ నేర్పక్కర్లేదు.

"ఓహో. చేపలు పైకి తేలి ఉంటాయి. బుడగలు చూసి గాలనుకుని, మా బావ దాన్ని ఇంకాస్త..."

హాల్లో సగం మంది చెరువులవాళ్ళే. అందరూ బంగార్రాజు వంక తిరిగారు. ఎవరి పెదవి మీదో నవ్వు మొలకెత్తడం ఆయనకి కనిపించింది. నలభై ఏళ్ళ పేరు. ఇంకో మాటతో నీళ్ళపాలు.

"అయ్యో, అదేం లేదండీ," అంది శ్రీదుర్గ.

గొంతులో తొట్రుపాటు లేదు.

"మామయ్యగారికి గాలికీ గ్యాసుకీ తేడా తెలియదా? కావాలనే చేశారు. అత్తయ్యగారి ఫొటో ఫ్రిజ్ పక్కన పెట్టామని మా మీద కక్ష కట్టి చేశారు. నీళ్ళు అంత తెలిసినవాళ్ళు కాబట్టే ఒక్క పూటలో ఆరడుగుల తొట్టినీ ఖాళీ చేసేశారు. తెలియనివాళ్ళ వల్ల అవుతుందా అండీ?"

హాలంతా నవ్వింది. అది బంగార్రాజు భయపడిన నవ్వు కాదు.

"వీడు మొదట్నుంచీ అంతే. పంతం పడితే అక్కడ పచ్చగడ్డి కూడా మొలవదు," అంది సుబ్బలక్ష్మి, గర్వంగా.

"ఫ్రిజ్ పక్కనా? తల్లి ఫొటోనా?" అన్నారెవరో వెనకనుంచి. రెండు మూడు తలలు ఫణికిరణ్ వైపు తిరిగాయి.

సూర్యనారాయణ బావగారి ముందు నిలబడి, ఓడిన మనిషి నవ్వు నవ్వాడు. "పెళ్ళాం కోసం చేపల్ని చంపావంటే ఇక నేనేం అంటాను బావా."

"ఏమీ అనకు. కూర్చో. వడ్డిస్తారు," అన్నాడు బంగార్రాజు.

ఆ పూట ఆయన గారెలు మారడిగి వేయించుకున్నాడు. పెళ్ళాం పోయిన తర్వాత ఏ వంటకాన్నీ ఆయన మారడగలేదు. వడ్డిస్తున్న కోడలు గరిటె ఆపి చూసింది. ఆయన విస్తరిలోకే చూస్తూ, "ఇంకోటి," అన్నాడు.

* * *

సాయంత్రానికి చుట్టాలు వెళ్ళిపోయారు. సుబ్బలక్ష్మి నడుం వాల్చింది.

"లైటు ఆరే వేళయింది మామయ్యగారూ," అంది శ్రీదుర్గ. "మర మీరు కట్టండి. ఇకనుంచి రోజూ మీరే కట్టాలి."

బంగార్రాజు మోకాళ్ళ మీద వంగి మరని మెల్లగా తిప్పాడు. బుడగలు పల్చబడ్డాయి, ఒకటొకటిగా వచ్చాయి, ఆగిపోయాయి. ఏంజెల్ జంట మోడు కిందికి చేరింది. ఆయన అలాగే కూర్చుని చూశాడు. ఏ చెరువు పంటకీ ఇంత నిండుగా అనిపించలేదు.

వెనక ఫణికిరణ్ వచ్చి నిలబడ్డాడు. బయట వీధి చివరిదాకా చుట్టాల్ని సాగనంపి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఆటో ఎక్కే ముందు ఒక్కొక్కళ్ళూ ఏమన్నారో తెలుసా నాన్నా? తల్లి ఫొటోని ఫ్రిజ్ పక్కన పెట్టాడన్నారు. కక్ష కట్టే దాకా తెచ్చుకున్నాడన్నారు. ఇన్నాళ్ళూ పెద్దాయన తెలియక చేశాడులే అని సరిపెట్టుకున్నాను. మీరేమో కావాలని చేసి, నలుగురిలో నన్ను నిలబెట్టారు."

"నేనేం అనలేదు."

"అదే. అనలేదు. ఇప్పుడనండి. తెలియక చేశానని ఒక్క మాట అనండి. సూర్యనారాయణ మామయ్యకి నేనే ఫోన్ చేసి చెబుతాను. అనలేకపోతే రేపు కలిదిండి వెళ్ళిపోండి. కావాలని ఇల్లు చెడగొట్టేవాళ్ళతో నేను ఉండలేను."

బంగార్రాజు మర మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ రోజు తెల్లవారుజామున ఇదే మర, తాను ముట్టుకునే ముందే తెరిచి ఉంది. ఆ మాట నాలుక చివరకి వచ్చింది. దాని వెనకే, గాలనుకుని తాను తిప్పిన మాటా వస్తుంది. రెండూ మింగేశాడు.

"కలిదిండి బస్సు పొద్దున ఎన్నింటికి?" అన్నాడు.

ఓడిపోయినవాడి గొంతులా లేదది.

"మరి రేపు సాయంత్రం ఈ మర ఎవరు కడతారండీ?" అంది శ్రీదుర్గ, భర్త వైపు తిరిగి.

"నేను కడతాను."

"ఆ రోజు కట్టినట్టేనా?"

ఫణికిరణ్ మర వంక చూశాడు. గోడ మీద సుగుణ ఫొటో అద్దంలో నీటి వెలుగు ఇంకా కదులుతోంది.

బంగార్రాజు మోకాళ్ళ మీద నుంచే కోడలి కేసి తల ఎత్తాడు. చెప్పొద్దని అడ్డంగా ఊపాడు.

ఆమె చూసింది. చూసి కూడా, మిగతా మాట చెప్పడానికే భర్త వైపు ఒక అడుగు వేసింది.